చండీగఢ్ కుర్చీల రూపశిల్పి పియేర్ జన్నెరె

1953వ సంవత్సరం అక్టోబరు నెల తెలుగువారి చరిత్రలో మరువరానిది. ఆ నెల 1వ తేదీన ఆంధ్ర రాష్ట్రం అవతరించింది. మదరాసు నగరం దక్కలేదు. కర్నూలులో గుడారాలు వేసి ప్రభుత్వ కార్యాలయాలను నడపవలసి వచ్చింది. అదే రోజున బళ్ళారి జిల్లాలోని ఏడు తాలూకాలు మైసూరు రాష్ట్రంలో చేరాయి. అక్కడి తెలుగు కుటుంబాలకు తెల్లవారేసరికి రాజధాని మారిపోయింది. సరిగ్గా ఆరు రోజుల తరువాత, అక్టోబరు 7న, దేశానికి మరో కొసన, హిమాలయ పాదసీమలో, రాజధానిని పోగొట్టుకున్న ఇంకొక రాష్ట్రం తన కొత్త రాజధానిని ప్రారంభించుకున్నది. దేశవిభజనలో లాహోరు పాకిస్థానుకు పోగా, భారతదేశంలో మిగిలిన పంజాబు ప్రభుత్వం సిమ్లాలో తలదాచుకున్నది. తరువాత చండీమాత ఆలయం పేరు మీదుగా చండీగఢ్ అనే నగరాన్ని పొలాల నడుమ నిర్మించుకోసాగింది. రాష్ట్రపతి బాబూ రాజేంద్రప్రసాద్ ఆ నగరాన్ని ప్రారంభించారు.

కొత్త రాజధాని అనగానే శాసనసభ, హైకోర్టు, సచివాలయం వంటి మహాభవనాలే స్ఫురిస్తాయి. కాని ఆ భవనాలలో కూర్చుని దస్త్రాలు రాసే గుమాస్తాకు ఒక కుర్చీ కావాలి. న్యాయమూర్తికి ఒక కుర్చీ, గ్రంథాలయంలో చదువుకునే విద్యార్థికి ఒక బల్ల, బంట్రోతుకు ఒక ముక్కాలిపీట కావాలి. లాహోరులో తరతరాలుగా పేరుకున్న సామగ్రి అంతా సరిహద్దుకు ఆవలనే ఉండిపోయింది. వేల సంఖ్యలో కొత్త సామాను చేయించాలి. ఖజానాలో డబ్బు తక్కువ. ఈ చిన్న పనిని పెద్ద పనిగా భావించి పద్నాలుగేళ్ళు అక్కడే కాపురమున్న విదేశీయుడు పియేర్ జన్నెరె. ఆ నగరం పేరు చెప్పగానే లోకం లె కార్బూజియేను తలచుకుంటుంది. జన్నెరె ఆయనకు దాయాది, సహచరుడు. నగరానికి ఆయన చేసిన సేవ చాలాకాలం అన్నగారి పేరు నీడలోనే ఉండిపోయింది.

పియేర్ జన్నెరె 1896 మార్చి 22న స్విట్జర్లాండు దేశంలోని జెనీవా నగరంలో జన్మించారు. ఆ ఊరి లలితకళాశాలలోనే విద్యాభ్యాసం చేశారు. యౌవనంలో పారిస్ చేరి, కాంక్రీటు కట్టడాలకు ప్రసిద్ధులైన పెరే సోదరుల కార్యాలయంలో కొంతకాలం పనిచేశారు. ఆయన దాయాది షార్ల్ ఎదువార్ జన్నెరె అప్పటికే పారిస్‌లో స్థిరపడి, 1920 నుండి లె కార్బూజియే అనే కలం పేరుతో రచనలు చేస్తున్నారు. ఆయన 1887లో పుట్టినవారు. అంటే పియేర్ కంటే ఎనిమిదేళ్ళకు పైగా పెద్ద. 1922లో వీరిద్దరూ కలిసి వాస్తు కార్యాలయం ప్రారంభించారు. సెవ్ర్ వీధిలోని ఒక పాత క్రైస్తవ మఠంలో పొడవాటి వసారా వంటి గది వారి పనిచోటైంది.

ఇద్దరి స్వభావాలు వేరు. అన్నగారు ఉదయమంతా ఇంటి దగ్గర చిత్రలేఖనంలో గడిపి మధ్యాహ్నానికి కార్యాలయానికి వచ్చేవారు. ఉపన్యాసాలు ఇచ్చేవారు, పుస్తకాలు రాసేవారు, వాదాలకు దిగేవారు. తమ్ముడు మితభాషి. రోజంతా గీతబల్ల దగ్గరే ఉండి, కుర్రవారి పని దిద్దుతూ, భావాన్ని కొలతలలోకి దించేవారు. స్తంభాలపై నిలిచే ఇల్లు, మిద్దెపై తోట, గోడ పొడవునా సాగే కిటికీ మొదలైన ఐదు సూత్రాలతో కొత్త వాస్తు ప్రకటన వెలువడినప్పుడు దానికింద ఇద్దరి సంతకాలూ ఉన్నాయి. 1928 నుండి 1931 వరకు పారిస్ సమీపంలోని పువాసీలో కట్టిన సవోయ్ విల్లా కూడా ఇద్దరిదీ. అయినా ఒక పేరు వెలిగిపోతూంటే పక్కనున్న పేరు కంటికి ఆనదు.

గృహాలంకరణ విషయంలో ఆనాటి పారిస్ సంపన్నుల అభిరుచి ఎలా ఉండేదో కొంచెం చెప్పుకోవాలి. అపార్ట్‌మెంటు అంటే బరువైన తెరలు, చెక్కడపు పనితో నిండిన బీరువాలు, బంగారు పూతల అద్దాలు, కాలు పెట్టడానికి చోటులేనన్ని బల్లలు. 1925లో అలంకార కళల పేరిటనే పారిస్‌లో ఒక అంతర్జాతీయ ప్రదర్శన జరిగింది. అందులో ఈ అన్నదమ్ములు ఒక నమూనా నివాసాన్ని కట్టి, అలంకారమన్నది లేకుండా చూపించారు. సామాను దాచుకోవడానికి ఒకే కొలతల అరల పెట్టెలు. కూర్చోవడానికి బజారులో దొరికే, వంచిన కర్రతో చేసిన థోనెట్ కుర్చీలు. ఆవిరిలో మెత్తబరచిన బీచ్ కర్రను ఉక్కుపట్టీతో వంచి చేసే ఆ కుర్చీలు అప్పటికే కాఫీ హోటళ్ళలో లక్షలాదిగా ఉండేవి. హోటలు కుర్చీని తెచ్చి నడింట పెట్టడం ఆ రోజులలో సాహసమే. నిర్వాహకులకు ఆ నివాసం నచ్చక చుట్టూ ఎత్తైన కంచె కట్టించారు. మంత్రిగారి జోక్యంతో దానిని తీసివేయవలసి వచ్చింది.

1927లో షార్లోట్ పెరియాన్ అనే యువతి ఆ కార్యాలయంలో చేరారు. ఆమె తొలిసారి పని కోసం వచ్చినప్పుడు లె కార్బూజియే తిప్పి పంపేశారు. తరువాత ఒక ప్రదర్శనలో ఆమె చేసిన ఉక్కు, అల్యూమినియం సామగ్రిని చూసి మనసు మార్చుకున్నారు. ఆమె, ఇద్దరు జన్నెరెలు కలిసి 1928లో రూపొందించిన ఉక్కుగొట్టాల కుర్చీలు నేటికీ పెద్ద పట్టణాల ఫర్నిచర్ దుకాణాలలో కనిపిస్తాయి. వాటిలో ఒకటి వెన్నుకు, మోకాళ్ళకు తగినట్లు ఒంపు తిరిగిన పడక కుర్చీ. మరొకటి మెరిసే గొట్టాల చట్రంలో తోలు దిండ్లు కూరిన చేతుల కుర్చీ. 1929 శరత్కాల ప్రదర్శనలో వీటితో ఒక పూర్తి అపార్ట్‌మెంటును అమర్చి చూపారు. తయారీ బాధ్యతను థోనెట్ సంస్థే స్వీకరించింది.

అక్కడ ఒక చిక్కు వచ్చింది. యంత్రయుగంలో సామాన్యునికి చవకగా అందాలన్న ఉద్దేశంతో పుట్టిన ఆ కుర్చీలు తీరా అమ్మకానికి వచ్చేసరికి ధనికులు మాత్రమే కొనగలిగిన ధరకు చేరాయి. గొట్టం వంచడం, నికెలు పూత పూయడం, తోలు కుట్టడం అన్నీ ఖర్చుతో కూడిన పనులే. దశాబ్దాల తరువాత వాటికి కొత్త తయారీదారులు వచ్చినప్పుడు లె కార్బూజియే పేరులోని పొడి అక్షరాలు, ఒక అంకె కలిపి పేర్లు పెట్టారు. షార్లోట్ పెరియాన్ పేరుగాని, పియేర్ పేరుగాని ఆ అక్షరాలలో లేదు. ఇది పియేర్ జీవితంలో మొదటిసారి కాదు, చివరిసారీ కాదు.

1930లలో ఆయన దృష్టి ఉక్కు నుండి కర్ర వైపు మళ్ళసాగింది. 1940లో జర్మన్ సేనలు పారిస్‌ను ఆక్రమించడంతో కార్యాలయం మూతపడింది. అన్నదమ్ములు రాజకీయంగా కూడా విడిపోయారు. లె కార్బూజియే విషీ ప్రభుత్వాన్ని ఆశ్రయించి పనికోసం ప్రయత్నించగా, పియేర్ గ్రెనోబుల్ చేరి ప్రతిఘటనోద్యమంలో కలిశారు. ఆ సంవత్సరాలలోనే లోహపు పనిలో సిద్ధహస్తుడైన జాన్ ప్రూవేతో కలిసి, విడదీసి మళ్ళీ బిగించుకోగల చవక ఇళ్ళ నమూనాలపై పనిచేశారు. ఉక్కు కరవు, బొగ్గు కరవు. దొరికినదానితో సర్దుకుని మంచి వస్తువు చేయడమెలాగో ఆ కరవు కాలం ఆయనకు నేర్పింది. యుద్ధానంతరం అమెరికాలోని నోల్ సంస్థ కోసం ఒక కుర్చీ గీశారు. కత్తెరలా ఒకదానినొకటి దాటే కర్రకాళ్ళు, అవి కలిసేచోట పైకి కనబడే లోహపు మర, మీద దిండు. అంతే. చండీగఢ్‌లో ఆయన చేయబోయే పనికి ఆ కుర్చీయే తొలి మెట్టు.

పంజాబు కొత్త రాజధానికి మొదట పథకం గీసినవారు అమెరికన్ నగర నిర్మాత ఆల్బర్ట్ మేయర్, ఆయన సహచరుడు మాథ్యూ నొవిట్‌స్కీ. 1950 ఆగస్టులో భారతదేశం నుండి తిరిగి వెళ్తూ నొవిట్‌స్కీ విమాన ప్రమాదంలో మరణించారు. దాంతో పంజాబు ప్రభుత్వాధికారి పి.ఎన్. థాపర్, ప్రధాన ఇంజనీరు పి.ఎల్. వర్మ కొత్త వాస్తుశిల్పులను వెతుక్కుంటూ ఐరోపా వెళ్ళారు. లండన్‌లో మాక్స్‌వెల్ ఫ్రై, జేన్ డ్రూ దంపతులు మూడేళ్ళు వచ్చి ఉండడానికి అంగీకరించారు. లె కార్బూజియే మాత్రం పారిస్ వదలి రానన్నారు. ఏడాదికి రెండుసార్లు వచ్చి చూసిపోతారు. మరి రోజువారీ పని చూసేదెవరు? ఆ ప్రశ్నకు సమాధానంగా ఆయన, యుద్ధకాలంలో దూరమైన తమ్ముణ్ణి మళ్ళీ పిలిచారు. పిలుపు అందుకున్న పియేర్ 1951లో వచ్చారు. అప్పటికి ఆయన వయస్సు 55 సంవత్సరాలు. ఆ రోజులలో మన ప్రభుత్వోద్యోగులు పదవీ విరమణ చేసే ఈడులో ఆయన కొత్త దేశంలో కొత్త ఉద్యోగంలో చేరారు.

ఫ్రై దంపతులు మాట ప్రకారం మూడేళ్ళుండి వెళ్ళిపోయారు. అన్నగారు వచ్చి పోతుండేవారు. ఎండలో, దుమ్ములో, తుమ్మ చెట్ల మధ్య ఊరు లేచేదాకా నిలిచినవారు పియేర్. తరువాత ఆయన పంజాబు ప్రభుత్వానికి ప్రధాన వాస్తుశిల్పిగా కూడా పనిచేశారు. ఎం.ఎన్. శర్మ, ఆదిత్య ప్రకాశ్, జీత్ లాల్ మల్హోత్రా, యూలీ చౌధరి తదితర యువ భారతీయులు ఆయన కార్యాలయంలోనే రాటుదేలారు. 1923లో జన్మించిన యూలీ చౌధరి ఆస్ట్రేలియాలో చదువుకుని 1951లో ఈ బృందంలో చేరారు. ఫ్రెంచి భాష తెలిసినందువల్ల పియేర్‌కు, అన్నగారికి, ప్రభుత్వానికి మధ్య ఆమె వారధి అయ్యారు. రెండు భాషల మధ్య బతికేవారి అవసరం ఎంతటిదో సరిహద్దు ప్రాంతాల పాఠకులకు వేరే చెప్పనక్కరలేదు.

ప్రభుత్వోద్యోగుల ఇళ్ళను హోదాను బట్టి పదమూడు తరగతులుగా విభజించారు. ముఖ్యమంత్రి మొదలు బంట్రోతు వరకు ఎవరికి ఏ తరగతి అన్నది నిర్ణయమైంది. ఈ విభజన మెచ్చదగినదేమీ కాదు. జీతం పట్టిక చూసి వీధులు కట్టినట్లయింది. అయితే చివరి తరగతి ఇంటికి కూడా విద్యుద్దీపం, నీటి కుళాయి, మరుగుదొడ్డి, కొంచెం పెరడు ఉండాలని నియమం పెట్టుకోవడం 1950ల భారతదేశంలో సామాన్య విషయం కాదు. ఉక్కు, సిమెంటు ప్రియం కాబట్టి పియేర్ ఇటుకనే నమ్ముకున్నారు. ఇటుకలతోనే జాలీలు అల్లారు, ఎండకు అడ్డుగోడలు నిలిపారు. పంజాబు విశ్వవిద్యాలయ ప్రాంగణంలో నీటికొలను నడుమ తామరపువ్వులా విచ్చుకున్న గాంధీ భవనం ఆయన రూపకల్పనే.

ఇక కుర్చీల సంగతి. చండీగఢ్‌లో వేసవి ఎండ నలభై డిగ్రీలు దాటుతుంది. వానాకాలంలో తేమ, చలికాలంలో ఎముకలు కొరికే చలి. ఉక్కు కుర్చీ వేసవిలో కాలుతుంది, శీతాకాలంలో జిల్లుమంటుంది. తోలు దిండు చెమటకు పాడవుతుంది. గొట్టాలు వంచే యంత్రాలు అక్కడ లేవు. ఉన్నవి కర్ర, పేము, తాడు, వెదురు, ఇనుప ఊచ. ఉన్నవారు వడ్రంగులు, అల్లిక పనివారు. పారిస్‌లో యంత్రాన్ని నమ్ముకుని గీసిన కుర్చీ ధనికుల ఇంట చేరిన వైనం పియేర్‌కు గుర్తుండే ఉంటుంది. ఇక్కడ చేతిపనిని నమ్ముకుని గీశారు.

ఆయన కుర్చీకి ప్రక్కభాగమే ప్రాణం. ముందుకాలు, వెనుకకాలు రెండూ విడివిడిగా నిటారుగా నిలబడవు. రెండూ పైన చేరువై కింద ఎడమై, తలకిందులు చేసిన ఆంగ్ల వి అక్షరం ఆకారంలో ఉంటాయి. వృత్తలేఖిని కాళ్ళలా అనుకోవచ్చు. ఆ కాళ్ళ కొసన చెయ్యి ఆనించుకునే పట్టె కూర్చుంటుంది. ఇటువంటి చట్రాలు రెండింటిని అడ్డపట్టెలతో కలిపితే కూర్చునే పలక, వీపు నిలవడానికి ఆధారం ఏర్పడుతుంది. మనిషి బరువంతా ఏటవాలు కాళ్ళలో నుండి నేలకు దిగుతుంది కాబట్టి వెనక్కు వాలినా ఊగిసలాడదు. టేకు కర్రను లావుగానే వాడారు. చెదలకు, తేమకు ఓర్చుకుంటుంది. కూర్చునే చోట, వీపు ఆనే చోట పేము అల్లిక. దానిలోని చిల్లులలో నుండి గాలి ఆడుతుంది. చిరిగితే ఊరిలోనే మళ్ళీ అల్లించుకోవచ్చు. చెక్కడం లేదు, రంగుల హంగు లేదు. బెజ్జంలో కూసు బిగించి, చిత్రిక పట్టి, మెరుగు పెడితే పని పూర్తి.

ఒక చట్రం కుదిరిన తరువాత దానినే చిన్నచిన్న మార్పులతో ఎన్నో వస్తువులకు వాడుకున్నారు. చేతులున్న కుర్చీ, చేతులు లేని కుర్చీ, సమావేశ మందిరపు కుర్చీ, న్యాయస్థానపు మెత్తల కుర్చీ, గ్రంథాలయపు బల్ల, చదువుకునే విద్యార్థులకు పొడవాటి బెంచీ, పుస్తకాల అర. అన్నింటిలోనూ ఆ ఏటవాలు కాలే. నగరం ఒకే కుటుంబంలా కనిపించాలన్న ఆలోచన అందులో ఉంది. అధికారి కుర్చీకి, గుమాస్తా కుర్చీకి మెత్తలలోను, కొలతలలోను తేడా ఉండవచ్చు. కాలు మాత్రం ఒకే తీరు.

వీటిని ఒకే కర్మాగారంలో చేయించలేదు. పటాలు గీసి ఇస్తే, నగరం చుట్టుపక్కల చిన్న చిన్న వడ్రంగి శాలలవారు గుత్తకు తీసుకుని చేసి పెట్టేవారు. అందుచేత ఒకే నమూనా కుర్చీలను పక్కపక్కన పెట్టి చూస్తే కర్ర మందం, పట్టె ఏటవాలు, అల్లిక బిగువు కొంచెం కొంచెం తేడాగా ఉంటాయి. ఉలి పట్టిన చేయిని బట్టి కుర్చీ మారింది. ఈ పటాలలో ఏది పియేర్‌ది, ఏది యూలీ చౌధరిది, ఏది ఇతర సహాయకులది అన్న విషయమై పరిశోధకులలో వాదం ఉంది. చాలా వాటిలో ఒకరి చేయి మాత్రమే లేదని ఒప్పుకోవడమే న్యాయం. వడ్రంగుల మాట అయితే ఎవరూ ఎత్తలేదు. కుర్చీ వెనుక ఏ శాఖది, ఏ సంఖ్యది అన్న గుర్తులు రంగుతో రాయించారు, చేసినవారి పేరు రాసే ఆనవాయితీ లేదు.

పియేర్ స్వగృహం సెక్టార్ 5లో ఉండేది. ఇటుక, రాతి గోడల ఆ ఇంట్లో ఆయన వెదురుతోను, తాడుతోను, ఇనుప ఊచలతోను రకరకాల పీటలు, కుర్చీలు చేసి చూసుకునేవారు. మన నులక మంచం వంటి అల్లికలు ఆ ప్రాంతంలోనూ వాడుకలో ఉన్నవే. ఇల్లు అలంకరించుకోవడమంటే దుకాణానికి వెళ్ళి సామాను కొనుక్కురావడమనే అలవాటు ఆయనకు అంటలేదు. చుట్టూ ఏమి దొరుకుతుందో, దానిని ఎవరి చేయి మలచగలదో చూసుకోవడం నుండే ఆయన ఇల్లు అమరింది. ప్రధాన వాస్తుశిల్పి హోదాకు అది తగినట్లు లేదని చూడవచ్చినవారిలో కొందరికి తోచి ఉంటే ఆశ్చర్యం లేదు.

1958లో సుఖ్నా వాగుకు ఆనకట్ట కట్టడంతో నగరానికి ఒక సరస్సు ఏర్పడింది. పియేర్‌కు ఆ సరస్సు అంటే ప్రాణం. దానిలో నడపడానికి పడవల నమూనాలు కూడా ఆయనే తయారుచేశారు. జెనీవా సరస్సు ఒడ్డున పెరిగిన మనిషికి నీరు కనిపించిన చోట పుట్టిల్లు కనిపించినట్లుండేదేమో.

1965లో ఆరోగ్యం దెబ్బతిన్నది. ఆ సంవత్సరం ఆగస్టు 27న లె కార్బూజియే మధ్యధరా సముద్రంలో ఈదుతూ మరణించారు. అదే ఏడాది పియేర్ చండీగఢ్ విడిచి స్విట్జర్లాండు వెళ్ళారు. 1967 డిసెంబరు 4న జెనీవాలో తుదిశ్వాస విడిచారు. తన చితాభస్మాన్ని సుఖ్నా సరస్సులో కలపాలన్నది ఆయన కోరిక. 1970లో సోదరుని కుమార్తె జాక్లీన్ ఆ భస్మాన్ని తెచ్చి సరస్సులో నిమజ్జనం చేశారు. ఆయన నిష్క్రమించేనాటికి ఒకే పంజాబుకు రాజధానిగా ఉన్న నగరం, 1966 నవంబరు 1న హర్యానా ఏర్పడడంతో రెండు రాష్ట్రాలకు ఉమ్మడి రాజధాని, కేంద్రపాలిత ప్రాంతం అయింది.

కుర్చీల కథ అక్కడితో ముగియలేదు. ముప్పై నలభై ఏళ్ళు వాడిన పిమ్మట పేము తెగింది, కాళ్ళు వదులయ్యాయి. ప్రభుత్వ కార్యాలయాలలో పాత కుర్చీ బాగుచేయించడం కంటే కొత్త కుర్చీకి టెండరు పిలవడం సులువు. ఇనుప కుర్చీలు, స్పాంజి దిండ్ల కుర్చీలు, చక్రాల కుర్చీలు వచ్చాయి. టేకు కుర్చీలు మేడల మీద, మెట్ల కింద గుట్టలుగా పడ్డాయి. ఎండకు ఎండి, వానకు తడిసి, చివరకు పనికిరాని సామాను కింద వేలంలో అమ్ముడుపోయాయి. కొన్ని వంటచెరకు అయ్యాయని కూడా చెబుతారు. ఇందులో ఆ ఉద్యోగులను నిందించడానికి లేదు. రోజూ కూర్చునే కుర్చీలో చరిత్ర ఉన్నదని వారికి ఎవరూ చెప్పలేదు. బడిలో బల్ల విరిగితే మనమూ మూలన పడవేసేవారమే.

1990ల చివరి నుండి పారిస్ వ్యాపారులు కొందరు ఆ వేలాలకు రావడం ప్రారంభించారు. తుక్కు ధరకు లారీల కొద్దీ కొన్నారు, చట్టప్రకారమే కొన్నారు. ఓడలలో ఐరోపా చేర్చి, కర్రకు మెరుగు పెట్టించి, పేము కొత్తగా అల్లించి, గ్యాలరీలలో నిలబెట్టారు. పారిస్, లండన్, న్యూయార్కు నగరాల వేలం శాలలలో వాటి ధర వేల డాలర్లకు, జతలుగా, వరుసలుగా అమ్మినప్పుడు అంతకు ఎన్నో రెట్లకు చేరింది. గృహాలంకరణ పత్రికలలో కోటీశ్వరుల అపార్ట్‌మెంట్ల చిత్రాలు చూస్తే భోజనపు బల్ల చుట్టూ చండీగఢ్ గుమాస్తాల కుర్చీలు కనిపిస్తాయి. కుర్చీ దొంగతనానికి పోకుండా శాఖవారు రంగుతో రాయించిన గుర్తులు, సంఖ్యలు అక్కడ అసలు సరుకు అనడానికి సాక్ష్యమై ధరను పెంచాయి. కొత్తగా చేసి, పాతవాటిలా గీతలు పెట్టి అమ్మే నకిలీలు కూడా బయలుదేరాయి. ప్రపంచమంతటా ఫర్నిచర్ దుకాణాలు ఆ ఏటవాలు కాళ్ళను అనుకరించి కుర్చీలు చేసి అమ్ముతున్నాయి. ఆ నమూనా ఎక్కడిదో ఎరగకుండా కొనేవారే ఎక్కువ.

విషయం తెలిసి చండీగఢ్‌లో కలకలం రేగింది. 2011లో కేంద్ర హోంశాఖ ఆ వారసత్వ సామగ్రిని అమ్మరాదని, దేశం దాటించరాదని ఆదేశాలు ఇచ్చింది. కార్యాలయాలలో మిగిలినవాటిని లెక్క వేయించగా 12,793 వస్తువులు తేలాయి. విదేశాలకు చేరినవాటిని వెనక్కు రప్పించడం మాత్రం సాధ్యపడలేదు. 1972 నాటి పురావస్తువుల చట్టం ప్రకారం నూరేళ్ళు నిండిన వస్తువే పురావస్తువు. రాతప్రతులకు 75 ఏళ్ళు చాలు. 1950లలో చేసిన కుర్చీ ఆ లెక్కలోకి రావాలంటే 2050లు రావాలి. అందుచేత ప్రతి వేలానికి ముందు చండీగఢ్ నుండి అభ్యంతరం లేఖలు వెళ్ళడం, వేలం యథావిధిగా జరిగిపోవడం రివాజయింది. అమ్మినవారు మనవారే అయినప్పుడు కొన్నవారిని దొంగలనడం కుదరదు. అట్లని ఆ సొమ్ములో రవ్వంతైనా ఆ ఊరి పేము అల్లేవారికి దక్కిందనడమూ కుదరదు.

2016లో చండీగఢ్ శాసనసభ, హైకోర్టు, సచివాలయాల సముదాయాన్ని యునెస్కో ప్రపంచ వారసత్వ సంపదగా గుర్తించింది. అది లె కార్బూజియే వాస్తు కృతులుగా వివిధ దేశాల నుండి ఎంపిక చేసినవాటిలో ఒకటి. మరుసటి ఏడాది, 2017లో, సెక్టార్ 5లో పియేర్ నివసించిన ఇంటిని ఆయన పేరిట మ్యూజియంగా తెరిచారు. ఆయన లేఖలు, ఛాయాచిత్రాలు, చేయించుకున్న కుర్చీలు, బల్లలు అక్కడ చూడవచ్చు. సుఖ్నా సరస్సు ఆ ఇంటికి ఎంతో దూరం లేదు.